కీర్తిశేషులు వేములదిబ్బ వంతెన

ఎమ్మెల్యే మార్తాండరావు గారిని కలుసుకోవడానికి ప్రజలకు దారులు లేవనడం అన్యాయం. చాలా ఉన్నాయి. ఫోను ఉంది. చేస్తే స్వయంగా ఆయన గొంతే పలుకుతుంది. "నేను మీ మార్తాండరావుని, మీ కష్టమే నా కష్టం" అంటుంది. ఆ కష్టం ఏమిటో మనం చెప్పబోయేలోగా భక్తిపాట మొదలవుతుంది. 'మీ గడపలో మీ మనిషి' అనే యాప్ ఉంది. అందులో మన బాధ రాసి పంపితే, పంపినందుకు ధన్యవాదాలు చెప్పి, మా సేవలకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారని అడుగుతుంది. ఇచ్చేదాకా ఊరుకోదు. పట్నంలో క్యాంపు ఆఫీసు ఉంది. అక్కడికి వెళితే సారు ఊళ్ళ మీదికి వెళ్ళారంటారు. ఊళ్ళో అడిగితే క్యాంపు ఆఫీసులో ఉన్నారంటారు.

ఇవన్నీ కాక ఎన్నడూ తప్పిపోని దారి ఒకటుంది. ఇంట్లో ఎవరైనా పోవాలి.

వెనకటి ఎమ్మెల్యే రోడ్లు వేయించి, ట్యాంకులు కట్టించి, చిత్తుగా ఓడిపోయాడు. కారణం కనిపెట్టడానికి రాజధాని నుంచి ఒక వ్యూహకర్త దిగాడు. చెవిలో ఏదో పెట్టుకుని తనలో తాను మాట్లాడుకునే కుర్రవాడు. ఇల్లిల్లూ తిరిగి సర్వే చేసి, ఓటరు రోడ్డు వేసినవాణ్ణి మరిచిపోతాడు కానీ చావుకు రానివాణ్ణి మరిచిపోడని తేల్చాడు. ఆ రోజు నుంచి మార్తాండరావు గారి దగ్గర పరామర్శల విభాగం ఒకటి ఏర్పడింది. దానికి ఒక వ్యాను, వ్యానులో దండలు, ఫోటోగ్రాఫరు, కుర్చీలు లేని ఇళ్ళ కోసం ఒక కుర్చీ. అన్నిటికీ కలిపి ఆదిశేషు అనే ఇన్‌ఛార్జి. నియోజకవర్గంలో ఎక్కడ ఎవరు కన్నుమూసినా మర్నాటికల్లా ఎమ్మెల్యే గారు గుమ్మంలో ఉంటారు. పోయినవారు పెద్దవారైతే తనకు తండ్రిలాంటివారనీ, ఈడువారైతే సోదరుడిలాంటివారనీ చెప్పి, ఇంటివారి చెయ్యి పట్టుకుంటారు.

సత్యవేణి టీచరు చెయ్యి కూడా అలాగే పట్టుకున్నారు. ఆమె భర్త భుజంగరావు పోయినప్పుడు.

భుజంగరావు బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. వేములదిబ్బ ఊరు కాలవకు ఇవతలి గట్టున ఉంటే, టీచరు పనిచేసే బడి అవతలి గట్టున ఉంది. మధ్యలో నడక వంతెన. రెండేళ్ళ కిందట దాని నడిమి పలక విరిగి పడిపోతే ఊరివాళ్ళు ఆ ఖాళీలో రెండు తాటిదుంగలు వేశారు. పొద్దునా సాయంత్రం భుజంగరావు ఆ దుంగల దగ్గర నిలబడి పిల్లల్ని ఒక్కొక్కరినే దాటించేవాడు. ఒకడు దాటుతుండగా రెండోవాడు తొందరపడితే "హోల్డాన్" అనేవాడు. వాడు ఆగేవాడు. ముందువాడు గట్టెక్కగానే "రైట్ రైట్" అనేవాడు. పిల్లలకు ఆ మాటలు వినకపోతే అడుగు పడేది కాదు. ఆ వంతెన గురించి ఫోను చేసీ, యాప్‌లో రాసీ, క్యాంపు ఆఫీసు చుట్టూ తిరిగీ ఆయన మూడు దారులూ చూశాడు. నాలుగో దారిలో వెళ్ళాకే ఎమ్మెల్యే గారు వచ్చారు.

వచ్చి, టీచరు చెయ్యి పట్టుకుని, "ధైర్యంగా ఉండండమ్మా, ఏం కావాలన్నా అడగండి" అన్నారు. అప్పుడు ఆమెకు కావలసింది ఆయన ఇవ్వగలిగేది కాదు. తల అడ్డంగా ఊపింది. వ్యాను వెళ్ళిపోయాక పక్కింటి రాఘవమ్మ లబలబలాడింది. "ఎంత పని చేసినవమ్మా టీచరమ్మా. గడపలోకొచ్చిన మనిషిని వంతెన అడగకుండా వదిలేస్తివి. ఇప్పుడు మళ్ళీ రమ్మంటే ఎవర్ని చంపుకోవాల?"

 ఆ మాట టీచరులో ఉండిపోయింది.

బడులు తెరిచిన వారంలో, సెలవురోజున ఎవరూ లేని వేళ, మిగిలిన వంతెన కూడా కాలవలోకి ఒరిగిపోయింది. కాలవలో ఇంకా మోకాలి లోతు నీళ్ళే ఉన్నాయి. పిల్లలు చెప్పులు చేతపట్టుకుని బురదలో దాటుతున్నారు. పొలాలకు నీళ్ళు వదిలితే కాలవ నిండుగా పారుతుంది, ఇక బడికి రావాలంటే లాకుల మీదుగా చుట్టు తిరిగి రావాలి. అంత దూరం పసిపిల్లల్ని ఎవరూ పంపరు. పిల్లలు రాకపోతే ఆ బడిని ఎత్తేసి ఇంకో బడిలో కలిపేస్తామని మండల విద్యాశాఖాధికారి ముందే చెప్పి పెట్టాడు. అంచేత టీచరు మనసులో ఉన్నది ఒకటే: నీళ్ళు వదిలేలోగా వంతెన రావాలి.

అంతవరకు ఎవరూ విరిగిన పలకల మీదికి ఎక్కకుండా ఒక హెచ్చరిక బోర్డు పెట్టాలనుకుంది. వంతెన ఫోటో ఒకటి తీసి, పట్నంలో ఫ్లెక్సీలు వేసే మస్తాన్‌కు పంపింది. 'ఈ వంతెన కూలిపోయింది, పిల్లలను ఇటు పంపకండి' అని వేసి, కింద తన పేరు పెట్టి, గట్టు మీద కట్టించమని చెప్పింది. బడి వదిలాక వెళ్ళి చూస్తే ఫ్లెక్సీ కట్టి ఉంది. వంతెన ఫోటో గుండ్రటి చట్రంలో ఉంది. రెండు పక్కలా దీపాలు వెలుగుతున్నాయి. పైన 'కన్నీటి నివాళి' అని ఉంది. కింద 'శోకతప్త హృదయాలతో సత్యవేణి టీచరు, బడిపిల్లలు' అని ఉంది.

ఫోను చేసి అడిగితే మస్తాన్ నొచ్చుకున్నాడు. తన కంప్యూటర్లో ఉన్నవి రెండే రకాలని, ఒకటి పుట్టినరోజులకు, ఒకటి చావులకు అని చెప్పాడు. "కూలిపోయిందని మీరే రాస్తిరి గదమ్మా. దానికి పులిబొమ్మ పెట్టి హ్యాపీ బర్త్‌డే అంటే బాగుంటదా, మీరే చెప్పండి."

బాగుండదని ఆమె ఒప్పుకుంది. ఆ దీపాలు ఆమెకు తెలిసినవే. ఇంటిముందు భర్త ఫోటోకు అటూ ఇటూ వెలిగినవి అవే. ఫ్లెక్సీ విప్పించేద్దామనుకుని మళ్ళీ ఒకసారి చదివింది. అందులో అబద్ధమేమీ కనబడలేదు. ఉండనిచ్చింది.

మర్నాడు ఆ దారిన పోతున్న పరామర్శల వ్యాను ఫ్లెక్సీని చూసింది. ఆదిశేషు పనిలో ఆరితేరినవాడు. దీపాలు కనబడితే చాలు, మధ్యలో ఉన్న ముఖం చూడడు, కింద ఉన్న పేరు చూస్తాడు. వెంటనే టీచరుకు ఫోను చేసి, చాలా బాధాకరమైన విషయమని, పెద్దవయసేనా అని అడిగాడు. నలభయ్యేళ్ళ పైనే ఉంటుందని ఆమె చెప్పింది. మంచాన పడ్డారా అని అడిగితే, లేదు, చివరిదాకా పిల్లలకు సేవ చేస్తూనే ఉందని చెప్పింది. పాఠం చెప్పేటప్పుడు కూడా ఆమె అంతే, అడిగినదానికి మాత్రమే జవాబు చెబుతుంది. సారు రేపు ఉదయం వస్తారని చెప్పి ఆదిశేషు ఫోను పెట్టేశాడు.

ఎమ్మెల్యే గారు కారులోనే ముఖాన్ని సిద్ధం చేసుకుని దిగారు. నేరుగా ఫ్లెక్సీ దగ్గరికి నడిచి, దండ వేసి, కళ్ళు మూసుకుని చేతులు జోడించారు. తరవాత కళ్ళు తెరిచి భౌతికకాయం కోసం చూశారు. కాలవలో ఒరిగి ఉన్న కాంక్రీటు పలకల మీద ఒక కొంగ నిలబడి ఉంది.

ఇంకొకరైతే తడబడేవారు. అటు కెమెరా తిరుగుతోంది, ఇటు ఊరు చూస్తోంది, మధ్యలో దండ పడిపోయింది. మార్తాండరావు గారు నెమ్మదిగా తల పంకించి, ఈ వంతెన తనకు తల్లిలాంటిదని, చిన్నతనంలో తాను దీని ఒడిలోనే ఆడుకున్నానని చెప్పారు.

"నీ చిన్నతనాన ఇదింకా పుట్టలేదు నాయనా" అంది రాఘవమ్మ.

ఆత్మబంధాలకు వయసు అడ్డం రాదని ఆదిశేషు ఆమెను సముదాయించాడు. ఎమ్మెల్యే గారు కుటుంబసభ్యులెవరని అడిగారు. అందరూ టీచరు వైపు చూశారు. ఆయన ఆమె చెయ్యి పట్టుకున్నారు. అంతకుముందు ఒకసారి పట్టుకున్న చెయ్యేనన్న గుర్తు ఆయన ముఖంలో లేదు. "ధైర్యంగా ఉండండమ్మా, ఏం కావాలన్నా అడగండి" అన్నారు.

ఈసారి ఆమె తల ఊపలేదు. "వంతెన కావాలండి" అంది.

ఎమ్మెల్యే గారు ఆదిశేషు వైపు చూశారు. ఆదిశేషు టీచరును పక్కకు తీసుకువెళ్ళి, ఎంతో మర్యాదగా చెప్పాడు. తమది పరామర్శల విభాగమని, కోరికల విభాగం వేరని, దానికి యాప్ ఉందని, అయినా దుఃఖం జరిగిన చోట నిలబడి పనులు అడగడం మన సంప్రదాయం కాదని. ఆమె వెనక్కి తిరిగేసరికి వ్యాను కదిలిపోయింది. మధ్యాహ్నం ఫోనుకు సందేశం వచ్చింది: 'మీ వంతెన విషయమై గౌరవ శాసనసభ్యులవారు స్వయముగా సంతాపము తెలియజేసినందున సదరు సమస్య పరిష్కరింపబడినదిగా భావించి ముగించడమైనది. ఎన్ని నక్షత్రాలు ఇస్తారు?'

కథ అక్కడ ముగిసిపోవలసిందే. కానీ ఆ వీడియో జిల్లా అంతా తిరిగింది. వ్యూహకర్త లెక్కలు వేసి చూసుకుని, మనుషులు పోయినప్పుడు చేసిన పరామర్శల కంటే వంతెన పరామర్శకే సానుభూతి ఎక్కువ వచ్చిందని, మనిషి పోతే ఒక్క కుటుంబమే ఏడుస్తుంది కానీ వంతెన పోతే ఊరంతా ఏడుస్తుందని ఉబ్బిపోయాడు. ఎమ్మెల్యే కనబడే దారి ఏదో జనానికి తెలిసిపోయింది. వారం తిరక్కుండా మస్తాన్ కొట్టు ముందు బారులు తీరారు. ఒక వీధివాళ్ళు బోరు పోయిందని ఫ్లెక్సీ కట్టారు. ఒక ఊరివాళ్ళు గ్రంథాలయం స్వర్గస్థమైందన్నారు. రెండు ఊళ్ళవాళ్ళు తమ మధ్య ఉన్న రోడ్డుకు ఎవరు దగ్గర బంధువులో తేలక కొట్టుకున్నారు.

ఎమ్మెల్యే గారు అన్నిటికీ వెళ్ళారు. బోరుకు దండ వేశారు. రోడ్డు దగ్గర మాత్రం చిక్కు వచ్చింది. పోయిందని ఊరు అంటుంది, పోలేదని ఇంజనీరు అంటాడు. చివరికి రోడ్డు కొన ఊపిరితో ఉన్నదని రాజీ కుదిరింది. చావుకు దండలు తెచ్చినట్టే జబ్బుకు పళ్ళు తేవాలి గనుక వ్యానులో బత్తాయిలు కూడా చేరాయి. ఆ తరవాత కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మరుకు పళ్ళు, రొట్టె ఇచ్చారు. చెయ్యి మాత్రం పట్టుకోవద్దని లైన్‌మన్ బతిమిలాడాడు. దాని పరిస్థితి మీద విద్యుత్ అధికారి రోజూ సాయంత్రం పత్రికలవారికి చెప్పవలసి వచ్చింది: "ప్రస్తుతం నిలకడగా ఉంది. చికిత్సకు స్పందించడం లేదు. సందర్శకులను అనుమతించడం లేదు." ఆసుపత్రి కప్పు కూలిపోబోతున్నదని కబురు వస్తే ఆసుపత్రినే పరామర్శించడానికి వెళ్ళి, లోపల ఉన్న రోగులను చూడకుండా వచ్చేశారు. రోగులు బతికే ఉన్నారు కదా అన్నాడు ఆదిశేషు.

ఇంత జరిగాక ప్రభుత్వం ఊరుకోదు. 'ప్రజా ఆస్తుల మరణము, తదనంతర పరామర్శ: మార్గదర్శక సూత్రములు' అని ఉత్తర్వు వచ్చింది. ఆస్తి మరణించినదీ లేనిదీ నిర్ధారించు అధికారము సంబంధిత ఇంజనీరుకు మాత్రమే కలదు. దండ పొడవు ఆస్తి అంచనా విలువకు తగియుండవలెను. కాలువలు, రోడ్లు వంటి పొడుగుపాటి ఆస్తుల విషయమున ఒక కొసయందు దండ వేసిన చాలును. ఒకమారు పరామర్శించిన ఆస్తికి పెద్దకర్మ నాడు మరల హాజరగుట గౌరవ ప్రజాప్రతినిధుల విధి.

పరామర్శలన్నీ అయ్యాయి. బోరులో నీళ్ళు రాలేదు, వీధిలో దీపం వెలగలేదు. అందరి ఫోన్లకూ నక్షత్రాల సందేశం వచ్చింది.

వేములదిబ్బలో పిల్లలు ఇంకా బురదలోనే దాటుతున్నారు. భర్త నిలబడిన చోట ఇప్పుడు టీచరు నిలబడుతోంది. మొదటి రోజు ఒక పిల్ల నీళ్ళ అంచున ఆగి, "హోల్డాన్ అనండి టీచర్" అంది. ఆమె నోరు తెరిచింది కానీ మాట రాలేదు. చెయ్యి పట్టుకుని దాటించింది. ఇప్పుడు నీళ్ళు పిల్లల తొడల దాకా వచ్చాయి. పైన ఎక్కడో వదిలారని లాకుల దగ్గర అనుకుంటున్నారు.

ఉత్తర్వు ప్రకారం వంతెనకు పెద్దకర్మ చేయాలి. ఏర్పాట్లు చూడడానికి ఆదిశేషు వచ్చాడు. మనిషి సగమైపోయాడు. పొద్దున ఒక చెరువు గట్టు, మధ్యాహ్నం రెండు స్తంభాలు, ఈ ఉద్యోగంలో చేరినప్పుడు ఇన్ని చావులుంటాయనుకోలేదని రాఘవమ్మ ఇచ్చిన మజ్జిగ తాగుతూ వాపోయాడు. టీచరు అతని మాట పూర్తిగా విని, ఒక సంగతి అడిగింది. మహానుభావులెవరైనా పోతే, పెద్దకర్మ అయ్యాక ప్రభుత్వం ఏం చేస్తుందని.

"విగ్రహం పెట్టిస్తామమ్మా. దానికి నిధులు వేరే ఉంటాయి. ఫైలు ఒక్కచోట కూడా ఆగదు" అన్నాడు ఆదిశేషు. ఆ మాట చెబుతుంటేనే అతని ముఖం తేటపడింది.

పెద్దకర్మ నాడు షామియానా వేశారు, భోజనాలు పెట్టారు. ఎమ్మెల్యే గారు దండ వేసి, టీచరు చెయ్యి పట్టుకుని, ఏం కావాలన్నా అడగమన్నారు.

"విగ్రహం పెట్టించండి" అంది టీచరు. "మా వంతెనకి."

ఎమ్మెల్యే గారి ముఖంలో నిజమైన సంతోషం ఆ ఊరు మొదటిసారి చూసింది. పదవిలోకి వచ్చాక తన చేతిలో ఉన్న పని ఒక మనిషి అడగడం ఆయనకు అదే మొదలు. అక్కడికక్కడే మంజూరు చేశారు. పక్క నియోజకవర్గంలో ఉన్నవన్నీ ఉత్త మనుషుల విగ్రహాలే, వంతెనకు విగ్రహం దేశంలోనే లేదని వ్యూహకర్త ఆయన చెవిలో ఊదాడు. ఇంజనీరును పిలిచారు. నిలువెత్తు విగ్రహమా, ఛాతీ వరకేనా అని ఇంజనీరు అడిగాడు.

"ఛాతీ దాకా అయితే కాలవ నడిమికే వచ్చి ఆగుద్ది" అంది రాఘవమ్మ. "మిగతాది ఈదాల."

నిలువెత్తుదే కావాలని టీచరు చెప్పింది. పోలిక ఎక్కడా తప్పకూడదని, ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా ఎంత పొడవుండేదో అంతే ఉండాలని, పోయిన చోటనే పెట్టాలని చెప్పింది. నివాళులర్పించడానికి వచ్చే జనం ఒకేసారి మీదపడ్డా తట్టుకోవాలని ఎమ్మెల్యే గారు తన వంతు కలిపారు. రెండేళ్ళుగా వంతెనకు నేల పనికిరాదని చెప్పిన ఇంజనీరు విగ్రహానికి ఇంతకంటే గట్టి నేల లేదన్నాడు. శిల్పి ఒకాయన వచ్చి, ఫోటో చూసి, ఏ భంగిమలో చెక్కాలని అడిగాడు. పడుకున్న భంగిమ అని తేల్చారు. తల బడివైపు, కాళ్ళు ఊరివైపు.

రాత్రీ పగలూ పని జరిగింది. విగ్రహం పని కనుక కాలవలో నీళ్ళు కూడా దాని కోసం ఆపించారు. ఆవిష్కరణ నాడు ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా తెల్లటి గుడ్డ కప్పి ఉంది. ఎమ్మెల్యే గారు తాడు లాగి, దండ వేశారు. జనం చప్పట్లు కొట్టారు. ఆ సాయంత్రమే నీళ్ళు వదిలారు. కాలవ గట్లను ఒరుసుకుంటూ పారింది.

మర్నాటి పొద్దున పిల్లలు సంచులు తగిలించుకుని వచ్చేసరికి విగ్రహం మొదట్లో ఆదిశేషు చేతులు చాచి నిలబడి ఉన్నాడు. పక్కన కానిస్టేబులు.

"ఏంది టీచరమ్మా ఇది. విగ్రహాన్ని తొక్కుకుంటా పోతారా? రేపు మనోభావాలు దెబ్బతింటే ఎవరిది పూచీ?"

పిల్లలు ఆగిపోయారు. కింద నీళ్ళు సుడులు తిరుగుతున్నాయి.  నిన్న సారు దండ ఎక్కడ వేశారని టీచరు అడిగింది. ఇక్కడే, ఈ కొసన వేశారని ఆదిశేషు చూపించాడు.

"ఇవి కాళ్ళు కదండీ" అంది టీచరు. "తల అవతల గట్టున ఉంది. సారు కాళ్ళకి దండ వేశారని రేపు పేపర్లో పడితే బాగుంటుందా?"

ఆదిశేషు దండ వంక చూశాడు. కెమెరా ముందు పడిన దండ అది. ఫోను తీసి పట్నానికి మాట్లాడాడు, అవతల ఎవరో రాజధానికి మాట్లాడారు. గంటలోగా ఎమ్మెల్యే గారి కారు వచ్చింది. ఆయన బూట్లు విప్పి, కొత్త దండ రెండు చేతులా పట్టుకుని, అందరూ చూస్తుండగా విగ్రహం పొడవునా నడిచి వెళ్ళి, మెడలో వేసి, తిరిగి నడిచి వచ్చారు. ఆయన నడిచినదాన్ని ఇంకొకరు నడవకూడదనడానికి ఆదిశేషుకు దారి లేకపోయింది. మధ్యాహ్నానికి సవరణ ఉత్తర్వు వచ్చింది: నివాళులర్పించు నిమిత్తము పాదరక్షలు లేకుండ, చేత పువ్వు ధరించి విగ్రహముపై నడచుట గౌరవసూచకముగా పరిగణింపబడును.

ఇప్పుడు జిల్లాలో ఇంత నిష్ఠగా నివాళులందుకునే కీర్తిశేషులు మరొకరు లేరు. పొద్దున తలవైపు, సాయంత్రం కాళ్ళవైపు. బడి మానేసిన పిల్లలు కూడా తిరిగి వచ్చారు. కానిస్టేబులు పువ్వు ఉందా లేదా చూస్తాడు. మరిచిపోయినవాళ్ళకు రాఘవమ్మ తన పెరటి బంతిపూలు ఇస్తుంది, తిట్టి మరీ.

మొదటి రోజు మాత్రం పిల్లలెవరూ కదల్లేదు. ఎమ్మెల్యే గారి కారు వెళ్ళిపోయింది, ఉత్తర్వు చదివి వినిపించారు, దారి ఖాళీగా ఉంది. ఒక చేత చెప్పులూ ఒక చేత బంతిపువ్వూ పట్టుకుని వరుసలో నిలబడి, అందరూ టీచరు వైపే చూస్తున్నారు. ఎందుకు కదలడం లేదని కానిస్టేబులు అడిగాడు.

సత్యవేణి టీచరు తన చెప్పులు విడిచి పక్కన పెట్టింది. భుజంగరావు నిలబడే చోటికి వెళ్ళి నిలబడింది. గొంతు సవరించుకుంది.

"రైట్" అంది. "రైట్ రైట్."